సిద్ధూ మూసేవాలా కోసం ఏడుస్తూనే తొడ ఎందుకు కొడతారు?

తమ్ముడూ, నీ ప్రశ్న చదివాను. కెనడాలోని బ్రాంప్టన్‌లో పంజాబీ కుర్రాళ్లతో కలిసి ఒక బేస్‌మెంట్‌లో ఉంటున్నావు. పంజాబీ గాయకుడు సిద్ధూ మూసేవాలా హత్యకు గురైన రోజు మే 29. ఆ రాత్రి వాళ్లు అతని ఫొటో ముందు కూర్చుని ఏడ్చారు. కాసేపటికే అదే గదిలో అతని పాటలు గట్టిగా పెట్టుకుని గంతులేశారు, తొడలు కొట్టారు. నీకు ఏమీ అర్థం కాలేదు. "ఇది సంతాపమా, పండగా? తుపాకుల మీద పాటలు పాడినవాడికి ఇంత ఏడుపేంటి? నేనూ వినాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగావు. మూడింటికీ చెప్తాను, కాకపోతే నువ్వు అడిగిన వరసలో కుదరదు.

నేను పత్తి విత్తనాల పని మీద బఠిండా, మాన్సా జిల్లాల్లో ఏళ్ల తరబడి తిరిగినవాణ్ని. హిందీ సినిమాల్లో చూపించే ఆవపూల పంజాబ్ వేరు, ఆ ప్రాంతం వేరు. ఇసుక కలిసిన నేల, ఎండాకాలంలో ఒళ్లు కాల్చే గాలి, చాలా ఊళ్లలో నోట పెట్టుకోలేని బోరు నీళ్లు, పురుగుమందుల అప్పులు. రైతు ఆత్మహత్యల వార్తలు మన దగ్గర ఎంత మామూలో అక్కడా అంతే. బఠిండా వైపు నుంచి బికనేర్ ఆసుపత్రికి రోగులను తీసుకెళ్లే రైలుకి జనమే 'క్యాన్సర్ ట్రైన్' అని పేరు పెట్టారు. సిద్ధూ పుట్టింది ఆ నేల మీద, మాన్సా జిల్లా మూసా ఊళ్లో, 1993 జూన్ 11న. అసలు పేరు శుభ్‌దీప్ సింగ్ సిద్ధూ. పాటగాడయ్యాక ఊరి పేరును తన పేరులో కలుపుకున్నాడు.

బఠిండాలో అజిత్ రోడ్ అని ఒకటుంది. రెండు వైపులా ఐఈఎల్‌టీఎస్ కోచింగ్ సెంటర్లు, వీసా ఏజెంట్ల బోర్డులు, మన అమీర్‌పేటలా. చుట్టుపక్కల ఊళ్ల నుంచి పిల్లలు అక్కడికొచ్చి ఇంగ్లిష్ నేర్చుకుని కెనడా వెళ్తారు. ఇంట్లోవాళ్లు ఫీజుల కోసం ఎకరమో రెండెకరాలో అమ్ముతారు, లేదంటే తాకట్టు పెడతారు. వెళ్లినవాళ్లు మళ్లీ ఊరి మొహం చూసేది ఏ పెళ్లికో చావుకో. సిద్ధూ కూడా ఆ దారినే వెళ్లాడు. లుధియానాలోని గురునానక్ దేవ్ ఇంజినీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ చదివి, 2016లో నువ్వున్న బ్రాంప్టన్‌కే వచ్చి హంబర్ కాలేజీలో చేరాడు. అక్కడ బిగ్ బర్డ్ అనే మ్యూజిక్ ప్రొడ్యూసర్‌తో కలిసి చేసిన 'సో హై' 2017లో అతన్ని ఒక్కసారిగా పైకి లేపింది. 2018లో 'పీబీఎక్స్ 1' ఆల్బమ్ వచ్చింది. 2019లో బ్రిటన్ రాపర్లతో చేసిన '47' అక్కడి టాప్ 20లోకి వెళ్లింది. డబ్బు, పేరు, వీసా అన్నీ ఉన్నాయి. ఇంకొకరైతే అక్కడే ఇల్లు కొనుక్కుని స్థిరపడేవారు. ఇతను వెనక్కి వచ్చేశాడు. ముంబైకీ వెళ్లలేదు, నేరుగా మూసాకే వచ్చి పెద్ద ఇల్లు కట్టుకుని అమ్మానాన్నలతో ఉన్నాడు. వాళ్లమ్మ చరణ్ కౌర్ 2018 చివర్లో ఆ ఊరి సర్పంచ్ అయింది. స్టార్ అయ్యాక కూడా ట్రాక్టర్ ఎక్కి పొలంలో దిగేవాడు.

నీ రూమ్మేట్ల ఏడుపు ఇక్కడి నుంచి వస్తోంది. అందరూ వదిలేసి పోతున్న ఊరికి, అన్నీ సంపాదించుకున్నాక కావాలని తిరిగొచ్చినవాడు అతను. మనమూ ఏదో ఒకరోజు ఇలాగే తలెత్తుకుని ఊరికి వెళ్లొచ్చు అని ఆ పిల్లలు లోలోపల అనుకునేవాళ్లు. అలా తిరిగొచ్చినవాణ్ని తన ఊరి పక్కనే చంపేశారు. దూరదేశంలో ఉన్న పిల్లల మీద ఈ దెబ్బ ఎలా పడుతుందో ఆలోచించు.

2021లో గులాబీ రంగు పురుగు ఆ జిల్లాల పత్తిని తినేసింది. ఆ సీజన్‌లో ఒక పొలం గట్టు మీద ఇరవై ఏళ్ల కుర్రాడు పచ్చికాయ తెంపి, బొటనవేళ్లతో చీల్చి నాకు చూపించాడు. లోపల దూది మచ్చలు పడి ముద్ద కట్టుకుపోయింది, గింజలో పురుగు కదులుతోంది. పక్కనే ట్రాక్టర్ ఇంజిన్ ఆపాడు గానీ దాని మీదున్న డెక్ ఆపలేదు. సిద్ధూ '295' మోగుతోంది. ఇంట్లో ఇంకెవరున్నారు అని అడిగితే, మా అన్న కెనడాలో, సర్రేలో లారీ నడుపుతున్నాడు, నన్నూ రమ్మని పోరుతున్నాడు అన్నాడు. మరి వెళ్తావా అన్నాను. "సిద్ధూ బాయి వచ్చేశాడుగా" అన్నాడు. ఆ మాటతో అన్నీ చెప్పేసినట్టు ఆ కాయ అవతల పారేసి ఇంకొకటి తెంపాడు. 'బాయి' అంటే ఆ వైపు అన్న అనే. సిద్ధూని అభిమానులు సార్ అనరు, హీరో అనరు, బాయి అంటారు.

చనిపోయిన సంగతి క్లుప్తంగా చెప్తాను. 2022 ఎన్నికల్లో మాన్సా నుంచి కాంగ్రెస్ తరఫున పోటీ చేసి 63,323 ఓట్ల తేడాతో ఓడిపోయాడు. పాటకు చప్పట్లు కొట్టినవాళ్లంతా ఓటు వేయలేదన్నమాట. మే 28న పంజాబ్ ప్రభుత్వం 424 మందికి పోలీసు భద్రత తగ్గించింది, కొందరికి పూర్తిగా తీసేసింది. ఆ జాబితాలో ఇతనూ ఉన్నాడు. మర్నాడు సాయంత్రం ఇద్దరు మిత్రులతో థార్ జీపులో వెళ్తుంటే జవహర్కే ఊళ్లో చుట్టుముట్టి కాల్చేశారు. 28 ఏళ్లు. ఆ పని తామే చేయించామని లారెన్స్ బిష్ణోయ్ ముఠాలో పేరున్న గోల్డీ బ్రార్ కెనడా నుంచి ప్రకటించుకున్నాడు. 2024లో మాన్సా కోర్టు నిందితుల మీద అభియోగాలు ఖరారు చేసింది. అభిమానుల టీషర్టుల మీద, కార్ల వెనక అద్దాల మీద నువ్వు చూసే 'జస్టిస్ ఫర్ సిద్ధూ మూసేవాలా' అన్న రాతలు ఆ కేసు గురించే.

అంత్యక్రియల వీడియో నీ రూమ్మేట్ల దగ్గర తప్పకుండా ఉంటుంది. వాళ్లు చూపిస్తే పక్కన కూర్చుని చూడు. మే 31న మూసాలో తల్లి కొడుకు తల దువ్వి జుట్టు ముడి వేసింది. తండ్రి బల్కౌర్ సింగ్ తలపాగా చుట్టాడు. పెళ్లికొడుకుకి కట్టినట్టు సెహ్రా కట్టారు, పెళ్లి కాకుండా పోయిన కొడుకుని అక్కడ అలాగే సాగనంపుతారు. శవాన్ని అతను ప్రాణంగా చూసుకున్న హెచ్‌ఎంటీ 5911 ట్రాక్టర్ మీద ఎక్కించారు. ఆ ట్రాక్టర్ అతని పాటల్లోనూ ఉంటుంది. దహనం శ్మశానంలో చేయలేదు, సొంత పొలంలో చేశారు. ఆ ఎండలో వేలమంది నిలబడ్డారు. తండ్రి తన తలపాగా తీసి రెండు చేతులతో జనం ముందు పట్టాడు. తలపాగా తీయడమంటే సిక్కుకి ఎంత పెద్ద విషయమో నీకు తెలిసే ఉంటుంది. ఆ తర్వాత ఆయన తొడ కొట్టాడు.

మనకి తొడ కొట్టడం అనగానే తెలుగు సినిమాలో సవాలు విసిరే సీను గుర్తొస్తుంది. పంజాబ్‌లో అది కబడ్డీ, కుస్తీ బరిలోంచి వచ్చింది. 'థాపీ' అంటారు. బరిలో దిగినవాడు తొడ చరిచి చెయ్యి పైకెత్తుతాడు. సిద్ధూ ప్రతి స్టేజీ మీదా అదే చేసేవాడు. కొడుకు చితి ముందు తండ్రి ఆ పని చేశాక దానికి ఇంకో బరువు వచ్చి చేరింది. నైజీరియా గాయకుడు బర్నా బాయ్ కూడా ఆ రోజుల్లో స్టేజీ మీద సిద్ధూని తలచుకుని కన్నీళ్లు పెట్టుకుని థాపీ కొట్టాడు. కాబట్టి నీ రూమ్మేట్లు గంతులేస్తూ తొడ కొట్టినప్పుడు సంతాపం అయిపోయింది, పండగ మొదలైంది అనుకోకు. ఆ ఇంటి పెద్దాయన ఎలా ఏడ్చాడో వాళ్లూ అలాగే ఏడుస్తున్నారు.

జూన్ 8న మాన్సా ధాన్యం మార్కెట్ యార్డులో ప్రార్థన జరిగింది. అక్కడ చరణ్ కౌర్, నా కొడుకు పేరు మీద ఒక్కో మొక్క నాటి పెంచండి అని అడిగింది. తాగే నీళ్ల గురించి, గాలి గురించి బెంగపడే ప్రాంతంలో ఆ మాట ఊరికే పోలేదు. బర్త్‌డేకి, వర్ధంతికి అభిమానులు మొక్కలు నాటడం, రక్తదానం చేయడం నువ్వు వింటూనే ఉంటావు. తండ్రి చాలాకాలం ఆదివారాలు ఇంటికి వచ్చిన అభిమానులతో మాట్లాడేవాడు. చితి పెట్టిన చోటికి ఇప్పటికీ జనం వస్తూనే ఉన్నారు. అలా వచ్చే కుర్రాళ్లలో సిద్ధూ చుట్టినట్టే తలపాగా చుట్టుకున్నవాళ్లు ఎంతమందో. జుట్టు కత్తిరించుకుని టోపీ పెట్టుకునే వయసు పిల్లలు అతన్ని చూసి పాగా చుట్టుకోవడం మొదలుపెట్టారని అక్కడి పెద్దవాళ్లు నాతో ఎంతో ఇష్టంగా చెప్పేవాళ్లు.

బయటి ప్రపంచం సంగతికొస్తే, చనిపోయిన తర్వాత '295' బిల్‌బోర్డ్ గ్లోబల్ 200లో 154వ స్థానంలోకి వచ్చింది. కెనడా రాపర్ డ్రేక్ తన రేడియో షోలో సిద్ధూ పాటలు వేశాడు, జులైలో టొరంటో స్టేజీ మీదికి సిద్ధూ బొమ్మ ఉన్న టీషర్టు వేసుకుని వచ్చాడు. పాకిస్తాన్‌లోని ముల్తాన్‌లో ఒక ఉపఎన్నిక పోస్టర్ మీద కూడా సిద్ధూ ఫొటో వేశారు. సరిహద్దుకి అటూ ఇటూ ఒకే భాష మాట్లాడే జనం ఒక్క చావుకి కలిసి ఏడవడం నేను చూసింది ఇదే. బ్రాంప్టన్‌లో అతని బొమ్మ వేసిన గోడ ఉంది, మీవాళ్లని అడిగితే తీసుకెళ్తారు.

ఇక తుపాకుల సంగతి. దీన్ని దాటవేయను, ఎందుకంటే నీ ప్రశ్న సరైనదే. అతని పాటల్లో ఆయుధాలు, పగలు, జాట్ కులగర్వం నిండా ఉన్నాయి. 2020 లాక్‌డౌన్‌లో ఫైరింగ్ రేంజ్‌లో ఏకే-47 కాల్చిన వీడియోల మీద పోలీసు కేసు పడితే, వెనక్కి తగ్గకుండా దాని మీదే ఇంకో పాట చేశాడు. సిక్కు చరిత్రలో వీరవనిత మాయి భాగో పేరును ఒక పాటలో వాడిన తీరు మీద గొడవ అయితే క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. ఎన్నికల్లో ఓడిపోయాక చేసిన 'స్కేప్‌గోట్'లో ఓటర్లనే ద్రోహులన్నట్టు మాట్లాడాడు. అది తప్పే. అతను పోయిన కొన్ని నెలలకి, 2022 నవంబరులో, ఆయుధాలను గొప్పగా చూపించే పాటలను పంజాబ్ ప్రభుత్వం నిషేధించింది.

హిప్ హాప్‌లో ఆ ధోరణి ఉండటం ఒక కారణం. కాల్పుల్లో చనిపోయిన అమెరికా రాపర్ టూపాక్‌ని అతను గురువులా భావించాడు. ఇంకో కారణం మాల్వా, అంటే బఠిండా, మాన్సా ఉన్న దక్షిణ పంజాబ్, జానపదంలోనే ఉంది. జీవనా మోడ్ లాంటి బందిపోట్ల కథలను తరతరాలుగా పాడుకున్న నేల అది. కానీ ఈ రెండూ చెప్పి తప్పించుకోవడం నాకు ఇష్టం లేదు. జాట్ రైతు కుటుంబం పిల్లాడికి ధైర్యం ఇచ్చిన పాట, అదే పొలంలో కూలికి పత్తి తీసే దళిత ఇంటి పిల్లాడికి వేరేగా వినిపిస్తుంది. ఆ ఊళ్లలో ఇద్దరితోనూ మాట్లాడాను కాబట్టి చెప్తున్నాను. 1988 మార్చి 8న మెహ్సంపూర్‌లో భార్య అమర్‌జోత్‌తో పాటు హత్యకు గురైన అమర్ సింగ్ చమ్‌కీలాతో సిద్ధూని పోలుస్తుంటారు. చావు ఒకేలా ఉంది, నిజమే. కానీ చమ్‌కీలా దళితుడు, మేళాల్లో పెళ్లిళ్లలో పాడుకుంటూ ఎదిగినవాడు. ఇద్దరి బతుకులూ ఒకటి కావు. అభిమానుల్లో ఈ మాటలు ఒప్పుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. ప్రేమించినంత మాత్రాన వాళ్లు కళ్లు మూసుకున్నారని అనుకోవద్దు.

వినడం గురించి చెప్తాను, నాకు ఇష్టమైన భాగం ఇది. ముందుగా ఆ గొంతు పట్టుకో. పైస్థాయిలో నిలబెట్టి, ముక్కులోంచి కాస్త పదును తెచ్చి పాడతాడు. కుల్దీప్ మాణక్ లాంటి జానపద గాయకులు తుంబీ (ఒంటి తీగ వాద్యం) మీద 'కలీ' అనే జానపద గేయం పాడే పద్ధతి నుంచి వచ్చిందది. కింద మాత్రం బేస్ డ్రమ్ములు బ్రాంప్టన్‌వో లండన్‌వో ఉంటాయి. ఆ రెండింటి మధ్య దూరమే అతని సంగీతం. మాట దగ్గర ఇంకో విశేషం ఉంది. వాక్యం తాళంలో ఇమిడిపోదు, ఒక్కోసారి తాళం దాటి పరిగెత్తి తర్వాతి చరణంలో పడుతుంది. సంగీతం నేర్చుకున్నవాళ్లకి మొదట చిరాగ్గా ఉంటుంది, నాలుగోసారి వింటే అలవాటవుతుంది. భాష అచ్చమైన మాల్వా పల్లె పంజాబీ. నీ రూమ్మేట్లలో అమృత్‌సర్ కుర్రాడెవరైనా ఉంటే అతనికీ కొన్ని మాటలు కొత్తగానే ఉంటాయి.

మొదట 'డియర్ మామా', 'బాపూ' విను. రెండూ 2020లో వచ్చాయి, ఒకటి అమ్మ మీద, ఇంకొకటి నాన్న మీద. ఆ అమ్మానాన్నల్ని అంత్యక్రియల వీడియోలో చూశాక వింటే ఆగలేవు. తర్వాత 'టిబ్బియాఁ దా పుత్', ఇసుక దిబ్బల కొడుకునని చెప్పుకునే పాట, నేను పైన చెప్పిన నేల అంతా అందులో ఉంది. మొదటి రోజుల్లో గుర్లేజ్ అఖ్తర్‌తో పాడిన 'జీ వాగన్' వింటే మాల్వా యుగళగీతాల సంప్రదాయం తెలుస్తుంది, ఆడగొంతు అడుగుతుంది, మగగొంతు బదులిస్తుంది.

ఆ తర్వాత 2021 నాటి 'మూస్‌టేప్' ఆల్బమ్ మొత్తం ఒక్క కూర్చున్నపట్టున విను. ముక్కలు ముక్కలుగా వింటే అందులోని గర్వమే కనిపిస్తుంది, ఒంటరితనం కనిపించదు. '295' దాంట్లోదే. మతభావాలను కించపరిచారంటూ కేసులు పెట్టడానికి అప్పట్లో వాడిన ఐపీసీ 295 సెక్షన్ పేరది. నిజం మాట్లాడితే ఏ కేసు పెడతారో, నాలుగు రూపాయలు సంపాదిస్తే ఎలా తిడతారో చెప్పే పాట. అందులో తుపాకీ లేదు, నా లెక్కలో అతని పాటలన్నిటిలోకీ మంచిది అదే. ఆ ఆల్బమ్‌లోనే 'అస్' పాటలో అతనితో గొంతు కలిపిన రాజకుమారి అసలు పేరు శ్వేతా యల్లాప్రగడ రావు, కాలిఫోర్నియాలో పుట్టిన తెలుగమ్మాయి. మీవాళ్లకి ఈ సంగతి చెప్పు, సంతోషిస్తారు.

'ద లాస్ట్ రైడ్' మాత్రం చివరికి అట్టిపెట్టుకో. 1996లో టూపాక్‌ని కాల్చినప్పటి కారు ఫొటోతో, 2022 మే 15న వచ్చింది. కుర్ర వయసులోనే పాడె లేస్తుందన్న భావం అందులో ఉంది. రెండు వారాలకే అంత పనీ జరగడంతో, తన చావు తనకు ముందే తెలుసని చాలామంది అభిమానులు నమ్ముతారు. నేను అలా అనుకోను. కుర్రతనంలో చనిపోయే వీరుడి పాట పంజాబ్‌లో మీర్జా-సాహిబాన్ ప్రేమకథలోని మీర్జా కాలం నుంచీ ఉంది, అతను దాన్ని అందుకున్నాడంతే. కానీ మే 29 రాత్రి ఈ వాదన ఎవరి ముందూ పెట్టకు.

చనిపోయాక వచ్చిన పాటలు కూడా ఉన్నాయి. అతను రికార్డు చేసి ఉంచినవాటిని అమ్మానాన్నలు ఒక్కొక్కటిగా విడుదల చేస్తున్నారు. మొదటిది 2022 జూన్‌లో వచ్చిన 'ఎస్‌వైఎల్', సట్లెజ్-యమునా లింకు కాలువ మీద. నీళ్ల పంపకం గొడవ ఎంత లోతైనదో కృష్ణా నీళ్ల తగాదా చూసిన మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. కొద్ది రోజుల్లోనే దాన్ని భారత్‌లో యూట్యూబ్ నుంచి తీసేశారు. ఆ నవంబరులో గురునానక్ జయంతికి సిక్కు సేనాని హరి సింగ్ నల్వా మీద 'వార్' వచ్చింది. 2023 ఏప్రిల్‌లో బర్నా బాయ్‌తో చేసిన 'మేరా నా' వచ్చింది. కొత్త పాట వచ్చిన ప్రతిసారీ అభిమానులకి సంతోషం, వెంటనే బాధ. ఉన్నవి అయిపోతే ఇక కొత్తవి రావని అందరికీ తెలుసు.

2024 మార్చి 17న ఆ దంపతులకు ఐవీఎఫ్ ద్వారా ఇంకో మగపిల్లాడు పుట్టాడు. ఊళ్లో మిఠాయిలు పంచారు, డోలు వాయించారు. పిల్లాడికి అన్న పేరే పెట్టుకున్నారు, శుభ్‌దీప్ అని. మీ గదిలో ఆ పిల్లాడి ఫొటో కూడా ఎవరి ఫోన్‌లోనో ఉంటుంది.

నీ రూమ్మేట్లతో ఎలా ఉండాలని నువ్వు అడగలేదు, అయినా ఒక మాట. "అతను గ్యాంగ్‌స్టరా?" అని అడగకు. గ్యాంగ్‌స్టర్లు అతన్ని చంపినవాళ్లు, అతను కాదు. తుపాకుల మీద నీ అభ్యంతరం నీ దగ్గరుంచుకో, చనువు పెరిగాక దాచకుండా చెప్పు, వాళ్లూ మాట్లాడతారు. ముందు మాత్రం "నువ్వు మొదట విన్న సిద్ధూ పాట ఏది, అప్పుడు ఎక్కడున్నావు?" అని అడుగు. ఒక్కొక్కరూ తమ ఊరి గురించి, ట్రాక్టర్ గురించి, వదిలేసి వచ్చిన ఇంటి గురించి గంటసేపు చెప్తారు. జూన్ 11 అతని పుట్టినరోజు, ఆ రోజు కేకు కోస్తారు. పాట ఏం పెట్టాలని నిన్ను అడిగితే 'టిబ్బియాఁ దా పుత్' పెట్టమను. దాని అర్థం లైను లైనుకీ చెప్పమని మాల్వా కుర్రాణ్నే పట్టుకో, నాకంటే బాగా చెప్తాడు.